బోర్డు మీద నేను బయటే

తలుపు మూసుకున్న చప్పుడు కంటే దాని వెనకే పడిన గడియ చప్పుడు బాగా వినిపించింది. టక్‌మని, తేలిగ్గా, పక్క గదిలో ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టినట్టు. టార్చి అటు తిప్పాను. ఇనుప తలుపు. పిడి ఉండాల్సిన చోట నాలుగు రంధ్రాలు. పిడి లేదు, ఎందుకు లేదో నాకు తెలుసు, తెలిసి ఏం లాభం. ఈ గదిలో పరీక్షల విభాగం వాళ్లు ప్రశ్నపత్రాలు దాచిన రోజుల్లో, ఎవరూ లోపల దూరి తలుపేసుకుని కట్టలు విప్పకూడదని లోపలి వైపు పిడి పీకించేశారు. తరవాత మేం వచ్చాం, మా భూగోళశాస్త్రం వాళ్లం, వచ్చి ఇన్నేళ్లు ఇక్కడ మ్యాపులు పెట్టుకున్నాం, పిడి మాత్రం ఒక్కరం బిగించలేదు, తలుపుకి అడ్డంగా ఒక సీసపు దిమ్మ పెట్టుకుని సరిపెట్టుకున్నాం. ఆ దిమ్మ ఇప్పుడు లేదు. పోయిన వారం బీరువాలు మోసుకెళ్లిన వాళ్లు దాన్ని కూడా సామానే అనుకున్నారు. గోడ ఒక పక్కకి వాలింది కాబట్టి ఈ తలుపు దానంతటదే వచ్చి మూసుకుంటుంది, ఇదీ తెలుసు. ఇన్ని తెలిసినదాన్ని, ఎలుకలా నడిచొచ్చి బోనులో పడ్డాను.

సరే. కంగారు తరవాత, ముందు పరిస్థితి. ఫోను కారులో చార్జింగుకి పెట్టి వచ్చాను, కారు లైబ్రరీ వెనక నీడలో ఉంది, రెండు నిమిషాల పనికి ఫోనెందుకు అనుకున్నాను. గది తాళంచెవి బయట తాళంలోనే వేలాడుతోంది. ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా, చెబితే ఈ వయసులో గోడలు తవ్వడమేంటని ఉపన్యాసం మొదలుపెడతాడు. ఇవన్నీ చిన్న విషయాలు. పెద్దది ఏంటంటే ఈ రోజు ఈ కట్టడానికి చెదల మందు పెడుతున్నారు. కప్పు నుంచి నేల దాకా టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పేర్చి, లోపలికి గ్యాసు వదులుతారు. వారం చివరి దాకా ఎవరూ తలుపు తియ్యరు. మీటింగులో గ్యాసు మేస్త్రీ మాకు వివరంగా చెప్పాడు, బొద్దుగా, జాగ్రత్తగా మాట్లాడే మనిషి, మాటకి ముందు చేతులు తుడుచుకుంటాడు. "అసలు గ్యాసుకి రంగుండదండీ, వాసనుండదు. అందుకని ముందు కళ్లు మండే మందు వదులుతాం. లోపల పిల్లి ఉన్నా సరే, దెబ్బకి బయటికి దూకుతుంది." అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పిల్లికి ఇనుప తలుపు అడ్డం ఉండదు కదా అని అడగాల్సింది. పైగా ఈ గది గురించి ఆయన అడిగితే, అది ఖాళీ గదండీ, నేనే దగ్గరుండి ఖాళీ చేయించాను, తాళం నా దగ్గరుంది అని చెప్పింది కూడా నేనే. తలుపు కింద సందుందా అన్నాడు. ఉంది అన్నాను. అయితే చాలు, గ్యాసు అదే పోతుంది అన్నాడు.

అరిచాను. గొంతు చించుకుని అరిచాను, తలుపు మీద రెండు చేతులతో బాదాను, చెప్పు తీసి బాదాను. ఈ గోడల సంగతి నాకు తెలుసు. మొట్టమొదట ఈ కట్టడం యూనివర్సిటీ అచ్చుయంత్రాల శాల, ఇది కాగితం నిలవ చేసే గది, చెమ్మ రాకుండా, నిప్పు అంటుకోకుండా గోడ మూరెడు మందాన కట్టారు. పక్క హాల్లో యంత్రాలు పగలంతా దడదడలాడుతుంటే ఈ గదిలో కాగితం నిశ్శబ్దంగా ఉండేదట. ఆ దడదడకే గోడ వాలింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా హాల్లో పలకల సందుల్లోంచి చీపురుకి అచ్చు అక్షరాలు వచ్చేవి, సీసపువి, వేలి గోరంత. ఒకటి తీసి చాలా రోజులు పర్సులో పెట్టుకున్నాను, ఏ అక్షరమో గుర్తు లేదు, ఇప్పుడు అదా ఆలోచించాల్సింది. రిజిస్ట్రారు గారు అడిగిందేమో నాలుగంటే నాలుగు వాక్యాలు. "మేడమ్, ముందు గుమ్మం పక్కన ఫలకం పెడుతున్నాం, సందర్శకుల కేంద్రం కాబోతోంది కదా, కట్టడం చరిత్ర మీకంటే ఎవరికి తెలుసు, నాలుగు వాక్యాలు రాసివ్వండి." రాశాను, కొట్టేశాను, రాశాను. అచ్చుశాల, రసాయన ప్రయోగశాల, ఆడపిల్లల హాస్టలు, పత్రికల గది, పరీక్షల కేంద్రం, భూగోళశాస్త్రం, మధ్యలో ఊరంతా ఇళ్లలో కూర్చున్న ఆ ఏడాది టీకాల కేంద్రం. వరసగా రాస్తే రైలు స్టేషన్ల పేర్లు చదివినట్టుంది. ఎవరు ఎక్కారో ఎవరు దిగారో లేదు. ఐదో వాక్యం నేనే అవుతాను కాబోలు. ఫలానా లెక్చరరు ఫలానా గదిలో. ఛీ, అపశకునం మాటలు.

రసాయనశాల. అవును, రసాయనశాల. అచ్చుయంత్రాలు కొత్త చోటికి వెళ్లాక వాళ్లు వచ్చారు, కాగితం గదిని ఆమ్లాల సీసాల గది చేశారు, పొగ బయటికి పోవడానికి ఒక ఇనుప గొట్టం పెట్టారు. టార్చి తిప్పితే అది ఉన్నచోటే ఉంది, గోడలోంచి నా ఛాతీ ఎత్తున నోరు తెరుచుకుని, పైకి పాకి, కప్పు కింద వంగి, ముందు వరండా దాకా వెళుతుంది. తల కూడా పట్టని గొట్టం, దానిలోంచి నేను పోలేను, చిక్కిపోయిన రోజుల్లో కూడా పోలేకపోయేదాన్ని, కానీ మాటలు పోతాయి. వస్తాయి అనాలి. వరండాలో పిల్లలు నిలబడి చెప్పుకునే కబుర్లన్నీ ఈ గదిలోకి రేడియోలా వచ్చేవి, నాకు వాళ్లు పెట్టిన పేరు నేను మొదటిసారి విన్నది ఈ గొట్టంలోనే. "భూగోళం వచ్చిందా?" "వచ్చింది, ఇంకా తిరగడం మొదలెట్టలేదు." నవ్వు రాకుండా పళ్లు బిగపట్టుకుని మ్యాపులు చుట్టాను ఆ రోజు. గొట్టం నోటికి చెవి ఆనించాను. మొదట ఒక హోరు. పెద్ద ఫ్యాను, గ్యాసు తోసే ఫ్యాను, దాన్ని సరిగ్గా వరండాలోనే పెట్టినట్టున్నారు. ఆ హోరు మీద అరుచుకుంటూ మనుషులు.

"వెనక తలుపు కూడా టేపు వేసేశాం మేస్త్రీ!"

"బస్తాలు?"

"పెట్టేశాం!"

గొట్టంలోకి మూతి పెట్టి అరిచాను. మేస్త్రీ గారూ, లోపల మనిషున్నాను, నేను, మ్యాపుల గదిలో. మళ్లీ చెవి పెట్టాను. హోరు. ఫ్యాను పక్కన నిలబడ్డ వాళ్లు అరిచి మాట్లాడుకుంటారు కాబట్టి వాళ్ల మాట నాకు చేరుతోంది, ఇన్ని మలుపులు తిరిగి వెళ్లే నా మాటని ఆ ఫ్యాను గుమ్మంలోనే మింగేస్తోంది. వినగలను, చెప్పలేను. మా డిపార్టుమెంటు మీటింగుల్లో నా పరిస్థితి ఇంచుమించు ఇదే. వాళ్లు టీకి వెళ్లినప్పుడు వెనక వైపు టార్పాలిన్ ఇంకా పూర్తిగా జారవెయ్యలేదు, నేను తెర పక్కకి తోసుకుని వచ్చినట్టు వచ్చేశాను, సాయంత్రం దాకా మొదలుపెట్టరులే అనుకున్నాను. నిజానికి అనుకోలేదు కూడా, అక్క గురించే అనుకుంటూ వచ్చాను.

అక్కకి రేపు పొద్దున గుండె ఆపరేషను. నిన్న ఆసుపత్రి నుంచి ఫోను చేసింది, గొంతులో ఎక్కడా భయం లేదు, అంటే బాగా భయపడుతోందన్నమాట. "మత్తుమందు ఇచ్చేముందు నాకు నవ్వొచ్చేది ఏదైనా పట్టుకురావే." "ఏం తేవాలక్కా?" "గంట నాలుక." "అది ఇంకా ఉంటుందంటావా?" "నేను పెట్టింది ఎక్కడికి పోతుందే? పక్కన నిలబడి చూశావుగా, ఆ గోడ పగలగొట్టకముందే తెచ్చుకో." రసాయనశాల వాళ్లు వెళ్లిపోయి, ఆడపిల్లల హాస్టలు చాలక కొందరిని ఇందులోకి తోసినప్పుడు అక్క ఆ కొందరిలో ఒకతి. సింకులు పీకిన గుర్తుల మీద మంచాలు వేశారు. ఇది పెట్టెల గది. సెలవుల్లో నాన్న నన్ను అక్కని చూడటానికి తీసుకొచ్చాడు, రాత్రికి తీసుకెళ్లాల్సింది, అక్క నన్ను మంచం కింద దాచేసింది, నాన్న చూసీ చూడనట్టు ఒక్కడే బంధువుల ఇంటికి వెళ్లాడు. వార్డెను ఉండేది, గంటమ్మ అనేవాళ్లు, తెల్లారకముందే గుమ్మంలో గంట కొట్టి అందరినీ లేపి వరసగా నిలబెట్టేది. ఆవిడకి నిద్ర పట్టదు కాబట్టి ఎవరికీ పట్టకూడదు. ఆ రాత్రి అక్క తన స్నేహితురాలి భుజాల మీదెక్కి, గంట నాలుక ఊడదీసింది. ఇనుపది, కింద గుండ్రంగా, చిన్న రోకలిబండలా. తెల్లారి గంటమ్మ తాడు లాగింది, గంట ఊగింది, మళ్లీ లాగింది, మళ్లీ ఊగింది, ఊగడమే. హాస్టలు మొత్తం ఎండెక్కేదాకా పడుకుంది. నేను మంచం కింద నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వాను. అంతకు ముందే, చీకట్లో, ఇదే గదిలో, అక్క ఒక ఇటుక లాగి ఆ నాలుకని గోడలోకి తోసి, ఇటుక పెట్టేసి నా వైపు తిరిగి అంది: "ఎవరికైనా చెప్పావంటే చూడు. గంటకి లేని నాలుక నీకెందుకు?"

చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ రోజు ఎవరో ఒకరు నన్ను ఇక్కడ వెతికేవాళ్లు.

అయితే ఇనుపది. బరువైనది. ఇనుప గొట్టం మీద ఇనుము మోగితే ఫ్యాను మింగలేదు. చెప్పుతో అయ్యే పని కాదది. టార్చి పళ్లతో పట్టుకుని గోడ తడమడం మొదలుపెట్టాను. గొట్టానికి ఎడమ పక్కన, నా కళ్లకి ఎదురుగా, ఆ ఇటుక నా కళ్లకి ఎదురుగానే ఉండేది, అక్క లాగుతుంటే దాని వెనక చీకటి నా మొహం మీదికి వచ్చినట్టు అనిపించింది, ఇప్పటికీ గుర్తుంది. గోళ్లతో గీరాను. సున్నం. సున్నం కింద సున్నం, అక్కడక్కడ పాత రంగు, హాస్టలు వాళ్ల ఆకుపచ్చ, పత్రికల గది వాళ్ల పసుపు. ఏ ఇటుకా కదల్లేదు. పత్రికల గది అయినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని, గోడ పొడుగునా కొయ్య అరలు, ఎదుటి బల్ల దగ్గర ఒకాయన రోజూ ఒకే దినపత్రికని తలకిందులుగా పట్టుకుని నన్ను చూసేవాడు. ఆ దినపత్రికాయనే మా ఆయన. సాయంత్రం ఆసుపత్రిలో నాకోసం చూస్తాడు, ఎప్పుడూ ఆలస్యమే ఈవిడ అనుకుంటాడు, టీ తాగుతాడు, మళ్లీ చూస్తాడు. ఎప్పటికి కంగారుపడతాడు? నా ఆలస్యాలకి అలవాటు పడ్డ మనిషి, చాలా సేపటిదాకా పడడు.

గొట్టంలోంచి మేస్త్రీ గొంతు. "ఆగండ్రా. సిలిండరు ముట్టుకోకండి. ఈ బోర్డు చూశారా?"

ఒళ్లంతా చెవులయింది.

"ఇప్పుడే వెనక తలుపు టేపు వేసేటప్పుడు ఫొటో తీశాను. ఇదిగో. లోపల, లోపల, లోపల. అంతా లోపలని ఉంటే ఎలా వదలమంటావు?"

"పొద్దున గది గదీ చూశాం కదా మేస్త్రీ. పురుగు లేదు. చెదపురుగులు తప్ప."

"జోకులొద్దు. బోర్డు మీద లోపలని రాసి ఉంటే నేను గ్యాసు తిప్పను. పేర్ల కింద ఫోను నంబర్లున్నాయి, అందరికీ చేస్తాను."

మహానుభావుడు. నీ జాగ్రత్త చల్లగుండ. చెయ్యి నాయనా, నాకూ చెయ్యి, కారులో మోగుతుంది, నేను ఎత్తను, ఎత్తకపోతే నీకు అనుమానం వస్తుంది. అలా అనుకున్నానో లేదో గుర్తొచ్చింది. బోర్డు. వస్తూ వస్తూ నేను నా బిళ్ల తిప్పాను.

ఈ బిళ్లల బోర్డు కథ మా డిపార్టుమెంటు బయట ఎవరికీ తెలియదు. వెనక గుమ్మం పక్కన గోడకి చెక్క బోర్డు, ఒక్కొక్కరికి ఒక పేరు, పేరు పక్కన మేకుకి ఒక చెక్క బిళ్ల, ఒక వైపు లోపల, ఒక వైపు బయట. వచ్చినప్పుడు తిప్పాలి, వెళ్లేటప్పుడు తిప్పాలి, పై ఆఫీసు వాళ్ల ఏర్పాటు. పెట్టిన మొదటి నెలలోనే మా మీసాలాయన, అంటే నా పక్క గదిలో వాతావరణం పాఠాలు చెప్పే పెద్ద మీసాల మనిషి, దాని లోపం కనిపెట్టాడు. గదిలో ఉండి లోపల అని పెడితే మార్కులు కలపమని పిల్లలు వరస కడతారు. ఇంటికెళ్లి బయట అని పెడితే అటుగా వచ్చిన రిజిస్ట్రారు చూసి మొహం చిట్లిస్తాడు. "కాబట్టి," అన్నాడు మీసాలాయన, "వచ్చినప్పుడు బయట, వెళ్లేటప్పుడు లోపల. పిల్లలకి దొరకం, పై వాళ్లకి దొరుకుతాం." ఆ రోజు నుంచి మా బోర్డు తిరగేసి నడిచింది. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, అందరికీ చేతికి అలవాటైపోయింది. తరవాత డిపార్టుమెంటు పెద్దరికం వంతు నాకు వచ్చి, తనకి రాక, మీసాలాయన నాతో మాట్లాడటం మానేశాడు. నాలుగేళ్లు. మీటింగులో ఎదురుగా కూర్చుని, "కిటికీ తెరవమని ఆవిడకి చెప్పండి" అని మూడో మనిషితో చెప్పేవాడు. అయినా ఇద్దరం బిళ్లలు మాత్రం అలాగే తిప్పుకున్నాం. పోయిన వారం గదులు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు అందరం లోపల అని పెట్టి వెళ్లిపోయాం. ఈ పూట నేను వచ్చాను, చీకట్లో దాటుతూ చెయ్యి దానంతటదే వెళ్లి నా బిళ్లని తిప్పింది. బయట. నేను లోపల ఉన్నాను కాబట్టి, బయట.

మేస్త్రీ ఒక్కొక్కరికి ఫోను చేస్తున్నాడు. వింటున్నాను. "నమస్కారమండీ, మీరు లోపల ఉన్నారా... ఇంట్లోనా... సరేనండీ." వేళ్లు గోడ మీద, చెవి గొట్టం మీద, మొహం అడ్డంగా పెట్టుకుని. "నమస్కారమండీ... మార్కెట్లోనా... మంచిది." ఒకాయన తిట్టినట్టున్నాడు, మేస్త్రీ క్షమించండి అన్నాడు. మీసాలాయన వంతు వచ్చింది. "నమస్కారమండీ, బోర్డు మీద మీరు లోపలని... ఇంట్లోనా... హలో?" పెట్టేశాడు. మధ్యాహ్నం నిద్ర చెడగొడితే ఆయన దేవుడి ఫోనైనా పెట్టేస్తాడు.

"అందరూ ఇళ్లలోనే ఉన్నారు. ఇదేం బోర్డురా బాబూ, దీన్ని నమ్మితే అంతే సంగతులు."

"ఇంకో పేరుంది కదా మేస్త్రీ, అడుగున?"

"ఆవిడ బయటే ఉందిగా. రాసే ఉంది. కానివ్వండి, మాస్కులు పెట్టుకోండి. ముందు మంట మందు."

నా పక్కన ఉన్న చెప్పు తీసి తలుపుకేసి విసిరాను. ఏం ప్రయోజనం లేదు, కాస్త మనసు తేలికపడింది. మొత్తం బోర్డులో ఈ మనిషి ఫోను చెయ్యని ఒకే ఒక్క మనిషిని నేను, ఎందుకంటే నేనొక్కదాన్నే ఉండాల్సిన చోట ఉన్నాను. అక్క రేపు అడుగుతుంది, తెచ్చావా అని. మత్తుమందు ఇచ్చేవాడు ఆగడు. అక్కకి ఎవరు చెబుతారు, ఆపరేషను ముందు చెబుతారా, తరవాత చెబుతారా, మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, మొహం చూస్తే తెలిసిపోతుంది. అదిగో, ముక్కులో ఏదో. ఉల్లిపాయ తరిగేటప్పుడు పక్క గదిలో ఉన్నట్టు. అప్పుడే. తలుపు కింద సందు. మూలన మ్యాపుల వెనక అంటించే గుడ్డ ముక్కలు పడున్నాయి, మోకాళ్ల మీద పాకి వాటిని సందులోకి కుక్కాను, గట్టిగా, అంగుళం అంగుళం. గొట్టం నోరు మిగిలింది. దాంట్లోంచి కూడా వస్తుంది, వరండా కూడా టార్పాలిన్ కిందే ఉంది. చేతిలో ఇంకో గుడ్డ ముక్క ఉంది. అది కుక్కితే మంట కాస్త ఆగుతుంది, కానీ వాళ్ల మాట వినపడదు. కుక్కితే ఇంకాస్త సేపు బతుకుతాను, ఒంటరిగా. గుడ్డ పక్కన పడేశాను.

మోకాళ్ల మీదే ఉన్నాను ఇంకా. లేవబోతూ గోడకి చెయ్యి ఆనించాను. కళ్లకి ఎదురుగా గోడ. మోకాళ్ల మీద కూర్చుంటే నా ఎత్తు ఎంత? మంచం కింద దూరే పిల్లంత. ఓసి పిచ్చిదానా, ఆ ఇటుక నీ కళ్లకి ఎదురుగా ఉండేది, కానీ ఎవరి కళ్లకి? ఇంతసేపూ పెద్దదాని కళ్లకి ఎదురుగా వెతుకుతున్నాను. గొట్టానికి ఎడమ పక్కన, ఇక్కడ, కిందికి. గోరు విరిగింది. ఇంకోటి. సున్నం పెచ్చు ఊడింది, దాని వెనక సందు, సందులో కారు తాళంచెవి దూర్చి తిప్పాను, ఇటుక కదిలింది. సొంతింట్లో సొరుగు తీసినట్టు వచ్చేసింది. లోపల చెయ్యి పెట్టాను. చల్లగా, గరుకుగా, అరచెయ్యి నిండా. అక్కా, నువ్వు పెట్టింది ఎక్కడికీ పోలేదే.

కొట్టాను. గొట్టం మీద ఇనుప నాలుకతో, ఉన్న బలమంతా పెట్టి. గది మొత్తం గంటయింది. చెవులు గింగిర్లెత్తాయి, పళ్లు జివ్వుమన్నాయి, ఇంకోటి, ఇంకోటి. ఆగి విన్నాను.

"ఏదో మోగుతోంది మేస్త్రీ! టంగు టంగుమని!"

"పైన టార్పాలిన్ కొక్కేలురా, గాలికి. ఇనుప పైపులకి తగులుతున్నాయి."

"ఇది హాస్టలప్పుడు ఇక్కడ ఒక పిల్ల..."

"నోరు ముయ్యి. పాత కొంపలన్నిటికీ ఒక పిల్ల ఉంటుంది."

పిల్ల కాదు నాయనా, పదవీ విరమణకి దగ్గరపడ్డ పిల్ల. కొడుతూనే ఉన్నాను. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, కారం పూసినట్టు మండుతున్నాయి, మూసుకున్నా మండుతున్నాయి. మూసుకునే కొట్టాను. ఎక్కడుందో చూడక్కర్లేదు గొట్టం. ఈ కట్టడంలో కళ్లు మూసుకుని తిరగగలను, మెట్ల దగ్గర పత్రికల గది కటకటాలు, కటకటాల ఎడమ పక్కన టీకాల వాళ్లు నేల మీద వేసిన బాణం గుర్తులు, ఇంకా ఉన్నాయి, దూరం దూరంగా నిలబడండి అని పాదాల బొమ్మలు, ఆ పాదాల మీద నిలబడి మా అమ్మ టీకా వేయించుకుంది, "ఇది మీ అక్క హాస్టలు కదే" అంది, అంతే అంది. దగ్గు వస్తోంది. చెయ్యి ఆపకూడదు. గంటమ్మ రోజూ ఎలా లాగేదో ఆ తాడు.

ఫోను మోగింది. నాది కాదు. వరండాలో.

"ఆఁ చెప్పండి సార్... అవునండీ, ఇందాక నేనే... ఆఁ, అందరికీ చేశానండీ... లేదండీ, ఆవిడకి చెయ్యలేదు, ఆవిడది బయటని ఉంది..."

కొట్టడం ఆపేశాను. ఊపిరి కూడా.

"ఆవిడ ఒక్కతిదే సార్, మిగతావన్నీ లోపలే... ఏంటి సార్? ... లేదు, పొద్దున చూసినప్పుడు అన్నీ లోపలనే... అదేంటి, ఇప్పుడు ఒకటి బయట... సార్, అరవకండి, నాకు అర్థం కావట్లేదు... తిరగేసా?" తరవాత, ఇందాకటి గొంతు కాదు, ఇంకెవరిదో గొంతులా: "ఫ్యాను ఆపండి. ఆపండ్రా ఫ్యాను! అన్నీ ఆపండి!"

హోరు పోయింది. అంత నిశ్శబ్దం ఈ కట్టడంలో అచ్చుయంత్రాలు వెళ్లిన రోజు ఉండి ఉంటుంది. నేను గంట నాలుక ఎత్తి ఒక్కటి కొట్టాను.

"అదిగో!"

ఆ తరవాతవి ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. పరుగులు. తాళంచెవి తిరిగిన చప్పుడు. మాస్కుల్లో మనుషులు, ఒకరు నా చంక కింద చెయ్యి వేసి, ఇంకొకరు టార్పాలిన్ కత్తితో కోసి, వెలుతురు, గాలి, గడ్డి మీద కూర్చోబెట్టి మొహం మీద నీళ్లు పొయ్యడం. చాలాసేపు ఏడుపు, దగ్గు కలిపి ఒకటే పనిగా. కళ్లు తెరిస్తే మేస్త్రీ నా ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అమ్మా, బోర్డు మీద బయట అని ఉంది కదమ్మా."

"అవునండీ."

"నేను చూశాను కదమ్మా."

"మీ తప్పేం లేదు. మీరు సరిగ్గానే చదివారు."

ఆయన చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతోంది, సన్నగా, కోపంగా. నాకిచ్చాడు.

"బుద్ధుందా అండీ మీకు?" మీసాలాయన. నాలుగేళ్ల తరవాత, మూడో మనిషి లేకుండా. "గదులు ఖాళీ చేశాక అక్కడ మీకేం పని? నిద్రలో వాడెవడో బోర్డు అంటాడు, లోపలంటాడు, పెట్టేసి పడుకుంటే మళ్లీ నిద్ర పడితేనా! ఆరుగురికే చేశాడు వాడు. ఏడోదాని సంగతేంటని..."

"వినపడుతోంది, అరవకండి."

"నాలుగేళ్లుగా అరవలేదు. పాతబాకీ." ఊపిరి పీల్చుకున్నాడు. "బాగానే ఉన్నారా?"

"కళ్లు మండుతున్నాయి."

"నాకూ," అని పెట్టేశాడు.

ఆసుపత్రికి వెళదాం రండమ్మా అన్నారు, ఎలాగూ అక్కడికే వెళుతున్నాను, ముందు అక్కడి డాక్టరుకి కళ్లు చూపించి, అట్నుంచి పై అంతస్తుకి అక్క దగ్గరికి. గంట నాలుక ఎక్కడా పడిపోలేదు, అరచేతిలో దాని తుప్పు గుర్తు, వేళ్లు దాని చుట్టూ బిగుసుకుని రావట్లేదు. కారు దాకా తీసుకెళ్లడానికి ఒక మనిషి చెయ్యి పట్టుకున్నాడు. వెనక గుమ్మం పక్కగా వెళ్లాలి. టార్పాలిన్ కోసిన చోటు తెరుచుకుని ఉంది, గోడ మీద బోర్డు కనిపిస్తోంది. చెయ్యి విడిపించుకుని ఒక్క అడుగు లోపలికి వేశాను. అందరి బిళ్లలూ ఒక వైపు, నాదొక్కటి ఇంకో వైపు. తిప్పాను.

మేస్త్రీ నా వెనకే ఉన్నాడు. బోర్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బోర్డు చూశాడు. ఏడుగురం, వరసగా, లోపల.

"ఇక వదలండి," అన్నాను. "ఎవరూ లేరు."